శాయిలు చేనులో కింది సగం

కొండపాక వైపు ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. చచ్చిపోయిన మనిషి తన చేను తానే దున్నుకున్నాడనీ, సర్కారు సాయం కూడా పుచ్చుకున్నాడనీ, విచారించడానికి సిద్దిపేట నుంచి వచ్చిన ఆడ ఆఫీసరు గట్టు మీదే కళ్లు తిరిగి పడిపోయిందనీ ఆ కథ. ఆ ఆడ ఆఫీసరును నేనే. నేను పడిపోలేదు. చెప్పు తెగితే కూర్చున్నాను. కూర్చోవడానికీ పడిపోవడానికీ తేడా తెలియని, ఊరి భూముల లెక్క రాసే పట్వారి ఒకాయన ఆ ముక్క ఊరంతా చాటాడు.

చదువుకున్నవాళ్లు చెప్పేది ఇంకొకటి. దయ్యం లేదు, గియ్యం లేదు, ఆ ఇంటామె గుట్టుగా తానే దున్నుకుని మన మేడంకు టోపీ పెట్టింది అంటారు. నాతో పనిచేసి రిటైరైన ఒకాయన మొన్న ఒక పెళ్లిలో నా ఎదురుగానే, విస్తరి ముందు కూర్చుని, ఇదే చెప్పి నవ్వాడు. ఆయన ఆ చేను గట్టు ఎన్నడూ తొక్కలేదు. తొక్కినదాన్ని నేను. అందుకని ఈ రెండు కథలనూ పక్కన పెట్టి, నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

1949 వానాకాలం. బి.ఎ. ముగించి సిద్దిపేట తాలూకా కచేరీలో చేరిన కొత్త. తిండిగింజలకు కటకటగా ఉండేది. పంట పెంచడానికి సర్కారు ‘గ్రో మోర్ ఫుడ్’ అనే స్కీము నడుపుతుండేది. పడావు పడ్డ భూమిని, అంటే సాగు లేక వదిలేసిన భూమిని, మళ్లీ దున్ని జొన్నో మక్కో వేసే రైతుకు విత్తనం తక్కువ ధరకు ఇచ్చేవాళ్లం. పైరు నిలబడ్డాక మేం వెళ్లి చూసి సరే అంటే, దున్నకం ఖర్చులో కొంత సబ్సిడీగా వచ్చేది. సబ్సిడీ అంటే తిరిగి కట్టక్కరలేని సాయం. తక్కావి అంటే కట్టాల్సిన అప్పు. ఈ రెండింటికీ తేడా చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. విత్తనం తీసుకుని కూడా చేను పడావు పెడితే, ఆ భూమిని ఆ ఊళ్లో ఇంకొకరికి సాగుకు ఇచ్చేయవచ్చని రూలు ఉండేది. ఈ కేసులో ఆ రూలే కత్తి.

నన్ను జాలిపడి ఉద్యోగంలో పెట్టుకున్నారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇంటి మగవాడు లేని చోట ఆడవాళ్లు మగ ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చేవాళ్లు కారు. తలుపు వెనక నుంచి జవాబు వచ్చేది. లేదా మరిది చెప్పిందే వదిన మాటగా రాసుకుని వచ్చేవారు. అట్లా రాసిన మాటల మీద తగాదాలు మొదలై కచేరీకి తలనొప్పి అయింది. తలుపు దాటి లోపలికి పోగలిగిన మనిషి కావలసి వచ్చింది. నేను పోగలను, పైగా నోరుంది.

ఆ నోటికే పని పెడుతూ ఒక పొద్దున రాజయ్య అనే రైతు అర్జీ పట్టుకుని కచేరీకి వచ్చాడు. చేతిలో తువ్వాల నలుపుతూ నిలబడ్డాడు.

“మా అన్న శాయిలు సచ్చిపోయిండమ్మా. మా వదినె మల్లవ్వ ఆయన పేరు మీద ఇత్తనం తీస్కున్నది. గది తప్పు గాదా?”

“చచ్చిపోయినట్టు నీకెట్ల తెలుసు? శవాన్ని చూసినవా?”

“సూడలే. పోయిన యేడు దొరల మీద తిరగబడ్డ సంగపోళ్లను పట్టుకపోను పొలీసు లారీ ఊర్లకొచ్చిన నాడు గుట్ట దిక్కు ఉరికిండు. మళ్ల రాలే. బతికుంటే ఇంటికి రాడా?”

“వస్తే పట్టుకుపోతరని రాకపోవచ్చు గదా.”

“అట్లనే అనుకుందం. మరి చేను ఎవలు దున్నుతున్రు? చెప్పుండ్రి. మనిషి కనవడడు. పొద్దు పొడవకముందు కిర్రుచెప్పుల సప్పుడు ఇనవడ్తది. తెల్లారితే చేను దున్ని ఉంటది. మా ఊరోళ్లు ఆ తొవ్వల నడుస్తలేరు. సచ్చినోడు దున్నిన చేనుకు సర్కారు పైసలిస్తదా?”

అతని భయం నిజమైనదే. అతని ఆశ కూడా నిజమైనదే. శాయిలు, మల్లవ్వలకు పిల్లల్లేరు. ఆ ఊరి కట్టుబాటులో, భర్త పోయిన ఆడదానికి కూడూ గుడ్డా ఇచ్చి భూమిని పాలివాళ్లు, అంటే మొగుడి దాయాదులు, తీసుకునేవారు. శాయిలు చచ్చాడని తేలితే భూమి రాజయ్యది. బతికే ఉన్నాడు, నేను చూశాను అని మల్లవ్వ అంటే పోలీసులు వచ్చి ఎక్కడున్నాడో చూపించమంటారు. ఎవరూ దున్నలేదని తేలితే మా రూలు పట్టుకుని భూమి మళ్లీ రాజయ్యకే పోతుంది. ఏ దారిన పోయినా ఆమెకు అడ్డమే. ఇది నాకు ఆ పొద్దున కచేరీలోనే అర్థమైంది. తర్వాత అర్థమైనవి వేరే.

మర్నాడు బస్సులో కొండపాక దాకా పోయి, అక్కడి నుంచి ఆ పల్లెకు నడిచాను. పల్లె పేరు రాయను, అక్కడ ఇంకా వాళ్ల మనుషులు ఉన్నారు. పట్వారి, రాజయ్య నా వెంట చేనుకు బయల్దేరారు. మిట్టమధ్యాహ్నం. వారం కిందటి వాన తడి ఇంకా ఆరక నేల మెత్తగా ఉంది. చుట్టూ చేలల్లో మనుషులున్నారు, మాట్లాడుకుంటున్నారు, ఎద్దులను అదిలిస్తున్నారు. మేం శాయిలు చేను దగ్గరికి వస్తున్నకొద్దీ ఆ మాటలు ఆగిపోతూ వచ్చాయి. నాట్లకు పోతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి, కొంగు సవరించుకుని, బురదలో దిగి చుట్టూ తిరిగి పోయారు. బాట ఉండగా బురదలో ఎందుకు దిగుతారు అని పట్వారిని అడిగాను. ఆయన మెడలోని తాయెత్తు పట్టుకుని “వాళ్లకేం దెల్వదమ్మా” అన్నాడు.

గట్టు దగ్గర ఆయన ఆగిపోయాడు.

“మీరు సూసి రండ్రి. నేను ఈడ్నే ఉంట.”

“హద్దులు చూపాల్సింది నువ్వు. నీ హద్దు గట్టు దాకనేనా?”

“నాకు మోకాళ్ల నొప్పులమ్మా.”

ఆ మోకాళ్లతోనే అంతవరకూ దారంతా నాకంటే ముందు నడిచాడు.

చేను మధ్యలో ఒక తంగేడు పొద. దానికి పైన సగం, కింద సగం. పై సగం చివర్లలో, ఎద్దులను మలిపే చోట, కిర్రుచెప్పుల గుర్తులు దిగబడి ఉన్నాయి. మేకులు కొట్టిన పెద్ద చెప్పులు. పట్వారి గట్టు మీది నుంచే “గవి శాయిలు చెప్పులే, మడిమె కాడ మేకు లేదు సూడుండ్రి” అన్నాడు. వంగి చూశాను. మడమ దగ్గర మేకు గుర్తు లేదు. నా చెప్పు పట్టీ తెగిందీ, నేను కూర్చున్నదీ అక్కడే.

కూర్చోవడం మంచిదైంది. కింది నుంచి చూస్తే గుర్తుల తీరు తెలుస్తుంది. చెప్పు పెద్దదే, కానీ అడుగు చిన్నది. పెద్ద చెప్పులు వేసుకుని, జారిపోకుండా వేళ్లు బిగబట్టి, పొట్టి పొట్టి అంగలతో నడిచిన మనిషి. కర్ర దింపి చూశాను. మా పనిలో దున్నకం లోతు చూడటానికి ఒక వెదురు కర్ర పెట్టుకుంటాం. అది నాలుగు వేళ్లు దిగి ఆగింది. బలం చాలని చేయి మేడి, అంటే నాగలి పిడి, పట్టింది.

మల్లవ్వ చేను అవతల, తుమ్మ చెట్టు కింద నిలబడి ఉంది. ముప్పై ఏళ్ల మనిషి, నుదుట రూపాయంత కుంకుమ. పట్వారినీ రాజయ్యనూ గట్టు మీదే ఉంచి ఆమె దగ్గరికి నడిచాను.

“ఎవరు దున్నుతున్నరు మల్లవ్వా?”

“నా పెనిమిటి.”

“చూసినవా?”

“సూడలే.”

“చూడకుండ ఎట్ల చెప్తవు?”

“ఆయన చేను ఆయన గాక ఎవలు దున్నుతరమ్మా?”

ఆమె పాదాల వైపు చూశాను. రెండు బొటనవేళ్ల పక్కన పట్టీ ఒరుసుకున్న పుండ్లు. అరచేతులు చూపమన్నాను. చూపలేదు, కొంగులో దాచుకుంది. అది చాలు నాకు.

“నువ్వే దున్నినవు. ఆయన చెప్పులు తొడుక్కుని. అవునా?”

ఆమె గట్టు మీది మగవాళ్ల వైపు చూసింది. ఆ కాలం ఎరగనివాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. ఆడది నాటేస్తుంది, కలుపు తీస్తుంది, కోస్తుంది, మోస్తుంది. నాగలి మేడి మాత్రం పట్టకూడదు. పడితే వాన పోతుందని నమ్మకం. ఆ ఏడు వానలు ఒక్క వారం వెనకపట్టినా, ఊరంతా కలిసి ఆమెను ఊరి బయట పెట్టేవారు. చచ్చిన మొగుడు దున్నుతున్నాడంటే భయపడి దూరం జరుగుతారు. బతికున్న పెళ్లాం దున్నింది అంటే మీదికి వస్తారు.

“ఎవలికి చెప్పకుండ్రి అమ్మా,” అన్నది. “మా బాపు దున్నుతుంటె చిన్నప్పుడు సూసి నేర్సుకున్న. తంగేడు పొద దాక నేనే దున్నిన.”

“మిగతాది?”

ఆమె తంగేడు పొద వైపు నుంచి మొహం తిప్పుకుంది.

“కింది సగం ఎవరు దున్నిన్రు మల్లవ్వా?”

“నేనైతె గాదు.”

“మరి?”

“నాకు తెల్వదు. పొద దాక దున్నిన నాడు చేతులు వాసి జరమొచ్చింది. రెండు దినాలు పండుకున్న. లేసి వచ్చి సూస్తె కింద నాలుగు సాళ్లు దున్ని ఉన్నయి. తెల్లారి వస్తె ఇంకిన్ని. నా ఎడ్లు నా కొట్టంలనె ఉంటయి. తెల్లారి సూస్తె మోకాళ్ల దాక బురద. చెమటతోని వాసనొస్తయి.”

“ఒక్కనాడు కూడా కాపు కాయలేదా?”

ఆమె నన్ను చూసిన చూపు, చదువుకున్న మూర్ఖురాలిని చూసినట్టుంది.

“సూస్తె మీరు అడిగినప్పుడు సూసిన అని చెప్పాలె గదమ్మా.”

ఆ మాట విన్నాక నా మెడ వెనక చల్లబడింది. నేను దయ్యాలను నమ్మను, నమ్మేవాళ్లతో వాదించకుండా ఉండను కూడా. అయినా చల్లబడిందని రాయకపోతే అబద్ధం అవుతుంది.

తంగేడు పొద దాటి కిందికి నడిచాను. అక్కడ కర్ర జానెడు దిగింది. సాళ్లు తీగ గీసినట్టు ఉన్నాయి. చివర్లలో ఎద్దుల గిట్టల గుర్తులు సగం చెరిగి ఉన్నాయి. మనిషి పాదం ఒక్కటీ లేదు. చెప్పు లేదు, ఒట్టి కాలు లేదు. నేను నేల మీదికి వంగాను. సన్నటి గీతలు, దగ్గర దగ్గరగా, అర్ధచంద్రాకారంలో. ముళ్లకంప ఈడ్చిన గీతలు. విత్తనం చల్లాక మట్టి కప్పడానికి కంప ఈడుస్తారు, కానీ అక్కడ ఇంకా విత్తనమే పడలేదు. అడుగులు చెరపడానికి తప్ప కంపతో పనిలేదు. దయ్యం దున్నిందని చెప్పేవాళ్లను నేను అప్పటి నుంచి ఒకటే అడుగుతున్నాను. దయ్యానికి అడుగులు ఎందుకుంటాయి, ఉంటే చెరుపుకోవడం ఎందుకు?

అప్పుడు రాజయ్య గట్టు దిగి వచ్చాడు. నేను వంగి చూస్తున్నదేమిటో చూద్దామని వచ్చాడనుకుంటాను. వచ్చినవాడు నా పక్కన ఆగలేదు. చేను చివరికి పోయి, నాగలి మలిగిన చోట చూసి, అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

“ఏందయ్యా?”

“దాపటికి మలిపిండు,” అన్నాడు మెల్లగా.

నాకు తెలియలేదు. అతనే చెప్పాడు, నాకు కాదు, నేలకు చెప్పినట్టు. ఆ ఊళ్లో సాలు చివర ఎద్దులను అందరూ కుడివైపుకు, వలపటికి మలుపుతారు. శాయిలు ఎడమచేతివాటం. ఎడమవైపుకు, దాపటికి మలిపేవాడు. చిన్నప్పుడు తండ్రి కొట్టినా మానలేదు. పై సగంలో మలుపులన్నీ వలపటికే ఉన్నాయి, నేను వెనక్కి పోయి చూశాను. కింద అన్నీ దాపటికి.

“ఇంకెవరైనా కావాలని అట్ల మలుపొచ్చు గదా?” అన్నాను. వాదన నా అలవాటు.

“ఎడ్లు సూసినారమ్మా మీరు? దాపటెద్దు నన్ను రెండు మాట్ల పొడిచింది. మా అన్నను, మా వదినెను తప్ప ఎవల్ని దగ్గరికి రానియ్యది.”

అతను లేచి నిలబడ్డాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. చేనువైపు గానీ గుట్టవైపు గానీ చూడకుండా నన్ను చూసి, “నేనిచ్చిన అర్జీ వాపస్ తీస్కుంట,” అన్నాడు.

“ఎందుకు? మీ అన్న చచ్చిండనే గదా వచ్చినవు?”

“సచ్చిండో లేదో నాకేం ఎరుక. ఉన్నా లేకున్నా ఆయనకు గీ చేను గావాలె. నాకొద్దు.”

ఊళ్లోకి తిరిగి పోయాక, అన్న దయ్యమై తిరుగుతున్నాడని అందరికంటే గట్టిగా చెప్పినవాడు రాజయ్యే. భయపడి అన్నాడా, అట్లా అంటే పోలీసులు వెతకరని అన్నాడా అనేది నేను తేల్చలేను. అతను నేననుకున్నంత తెలివితక్కువవాడు కాడని మాత్రం ఒప్పుకుంటాను.

రెండో ఇన్‌స్పెక్షన్ పైరు నిలబడ్డాక. అంటే విత్తనం మొలిచిందా, చేను నిజంగా సాగులో ఉందా అని చూసి, సబ్సిడీకి సరే అనడం. నేను పోయేసరికి పచ్చజొన్న మనిషెత్తు దాటింది. పై సగంలో పలచగా, కింద చిక్కగా. ముసురు పట్టిన రోజు. వెలుతురు ఎటునుంచి వస్తున్నదో తెలియకుండా అంతటా ఒకే బూడిదరంగు. ఈసారి పట్వారి ఊళ్లోనే ఉండిపోయాడు. మోకాళ్ల సంగతి నేను అడగలేదు.

చేను కింది అంచున పిట్టల కోసం బొమ్మ నిలబెట్టి ఉంది. రెండు కర్రలు, పైన బోర్లించిన కుండ, భుజాల మీది నుంచి కిందికి ఒక నల్ల గొంగడి. కొత్తది. పిట్టల బొమ్మకు చినుగు పాత కడతారు గానీ కొత్త గొంగడి కప్పిన ఇల్లాలిని నేను చూడలేదు.

“పిట్టలకు చలి పెడుతుందా మల్లవ్వా?” అన్నాను.

ఆమె నవ్వింది, మొదటిసారి. “మీ నోరు మంచిది గాదమ్మా,” అన్నది.

పై గట్టు మీద, చేనంతా కిందికి కనిపించే చోట నిలబడి మాట్లాడుకుంటున్నాం. గాలి లేదు. జొన్న ఆకు ఒక్కటీ కదలడం లేదు. ఉన్నట్టుండి చేను మధ్యలో, తంగేడు పొద కింద, కంకులు విడిపోయి మళ్లీ కలుసుకోవడం మొదలైంది. ఒకే గీతలో. ఎవరో నీళ్లలో నడిచి పోతే వెనక నీళ్లు మూసుకున్నట్టు, ఆ గీత మెల్లగా బొమ్మ వైపు పోతున్నది. ఆకుల రాపిడి తప్ప చప్పుడు లేదు.

మల్లవ్వ అప్పటికే చేనుకు వీపు పెట్టి నిలబడింది. ఎప్పుడు తిరిగిందో నేను గమనించలేదు. నా రెండు భుజాలు పట్టుకుని, “ఇటు సూడుండ్రి అమ్మా, నా మొకం దిక్కు,” అన్నది.

“అదేంది?”

“అడివి పంది.”

“పంది గురక పెడుతుంది. జొన్న విరుస్తుంది.”

“అడివి పందే అమ్మా.”

కళ్లు నా మొహం మీద నుంచి కదలలేదు. నా వెనక ఏదో చూసి భయపడ్డ కళ్లు కావు అవి, తన వెనక ఉన్నదాన్ని చూడకూడదని బలవంతాన ఆపుకున్న కళ్లు. నాకు మాత్రం ఆమె భుజం మీదుగా చేను కనిపిస్తూనే ఉంది. నేను కళ్లు మూసుకోలేదు. గీత బొమ్మ వెనక్కి పోయి ఆగింది. ముసురు కొంచెం దట్టమైంది. కొన్ని క్షణాలు ఏమీ లేదు. తర్వాత గీత గుట్టవైపు మొదలై, చేను అంచు దాటి, అవతలి పొదల్లో కలిసిపోయింది.

బొమ్మ ఒట్టి కర్రలతో నిలబడి ఉంది. గొంగడి లేదు.

మల్లవ్వ నా మొహంలో చూసి తెలుసుకుని ఉంటుంది. నా భుజాలు వదిలింది. “వానలు గదమ్మా,” అన్నది. అంతే.

పైరు ఉంది, సాగు పట్టాదారు ఇంటివాళ్లది అని కచేరీలో చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఎవరు దున్నారు అని పై అధికారి అడిగాడు. జొన్న మొలిచిందా లేదా అనేది స్కీము అడిగే మాట, మేడి పట్టిన చేయి ఎవరిదనేది స్కీములో ఎక్కడుందో చూపించండి అన్నాను. ఆయన వెతికాడు. లేదు. సబ్సిడీ వచ్చింది, చేను మల్లవ్వకు నిలిచింది. రాజయ్య మళ్లీ అడగలేదు.

కొన్నేళ్ల తర్వాత కాలం సర్దుకుని, గుట్టలెక్కినవాళ్లు ఒక్కొక్కరే దిగి ఇళ్లకు వచ్చారు. శాయిలు రాలేదు. అందుకే దయ్యం కథ గట్టిపడింది. మల్లవ్వ చేను అమ్మలేదు, కుంకుమ తీయలేదు. ఒకసారి సిద్దిపేట అంగడిలో కనిపిస్తే, పక్కన నిలబడి, అతన్ని ఎప్పుడైనా చూసినవా అని మెల్లగా అడిగాను. చింతపండు బేరం మధ్యలో నన్ను చూసి, “సూడలే అమ్మా, అప్పుడు చెప్పిన గద,” అని మళ్లీ బేరంలో పడింది. నా వాదనలన్నీ అక్కడ పనికిరాలేదు.

తర్వాత చాలా చేలు చూశాను, చాలామంది నోటి మాట రాసుకున్నాను. ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. ఇన్‌స్పెక్షన్‌కు పోయినవాళ్లు చేనును చూసి వచ్చేస్తారు. చేనువైపు చూడకుండా నిలబడ్డవాళ్లను ముందు చూడాలి. చూడలేదు అనే మాట కొందరికి తప్పించుకునే మాట. మల్లవ్వకు అది ఒట్టు. ఆ ఒట్టు మీదే ఆ భూమి నిలిచింది, ఆ మనిషి ఉంటే గనక, అతని ప్రాణమూ నిలిచింది.

గొంగడి పోయిన ఆ రోజు నేను చినుకుల్లో కొండపాక బస్సు కోసం నడిచి పోతుంటే ఆమె ఇంకా గట్టు మీదే, చేనుకు వీపు పెట్టి, నన్ను చూస్తూ నిలబడి ఉంది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే పోయాను. ఆమె కదలలేదు. నేను కనుమరుగయ్యాకనైనా, అడిగేవాళ్లెవరూ లేని ఆ కాసేపైనా, మల్లవ్వ ఒక్కసారి గుట్టవైపు తిరిగి చూసిందా?